తేలిక గొలుసు – జన్యువుల కూర్పు

ఉద్దేశం

మానవ శరీరం తానెన్నడూ చూడని రోగకారకాలను సైతం ఎదుర్కొనగల ప్రతిరక్షకాలను ముందుగానే సిద్ధం చేసుకొంటుంది. పరిమితమైన జన్యుసంపదతో ఈ అపరిమితమైన సన్నాహం ఎట్లా సాధ్యమవుతున్నదో వివరించడం, ఆ సన్నాహంలోని ప్రయోజనాన్నీ ప్రమాదాన్నీ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ఒక రోగి – ఒక ప్రశ్న

అది 1845వ సంవత్సరం. లండన్ నగరంలో నలభై అయిదేళ్ళ వర్తకుడొకడు భరింపరాని ఎముకల నొప్పితో మంచం పట్టాడు. వైద్యులు చేసిన చికిత్సలేవీ ఫలించలేదు. అతని మూత్రాన్ని పరీక్షించినపుడు ఒక వింత కనిపించింది. కోడిగుడ్డులోని తెల్లసొనను వేడిచేస్తే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన తరువాత ఎంత మరిగించినా అది మళ్ళీ కరగదు. ప్రోటీన్ల సహజగుణం అదే. కాని ఈ రోగి మూత్రంలోని పదార్థం కొద్దిపాటి వేడికి గడ్డకట్టి, మరిగేటప్పటికి కరిగిపోయి, చల్లారగానే మళ్ళీ గడ్డకట్టేది. ఇది ఏ పదార్థమో చెప్పవలసిందిగా కోరుతూ వైద్యులు ఆ మూత్రాన్ని హెన్రీ బెన్స్ జోన్స్ అనే వైద్యరసాయనవేత్తకు పంపారు.

1846 ఆరంభంలో ఆ వర్తకుడు మరణించాడు. శవపరీక్షలో అతని ప్రక్కటెముకలు కత్తితో కోయడానికి వీలైనంతగా మెత్తబడి ఉన్నట్లు తేలింది. బెన్స్ జోన్స్ తన పరిశీలనలను 1847, 1848 సంవత్సరాలలో ప్రకటించాడు. ఇకమీదట ఎముకలు మెత్తబడే వ్యాధి కనిపించినపుడు ఈ పదార్థం కోసం వెదకవలెనని వైద్యలోకానికి సూచించాడు. ఆ పదార్థానికి ఆయన పేరే స్థిరపడింది. అయితే అది నిజానికి ఏమిటో తెలియడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. అస్థిమజ్జలో పుట్టే మైలోమా అనే క్యాన్సర్ ఆ వర్తకుని వ్యాధి. అతని మూత్రంలో కనిపించినది ప్రతిరక్షకంలోని ఒక భాగం. దానినే శాస్త్రవేత్తలు నేడు తేలిక గొలుసు అంటున్నారు.

ప్రతిరక్షకం – నిర్మాణం

1890లో జర్మనీలో ఎమిల్ ఫాన్ బేరింగ్, జపాను శాస్త్రవేత్త కిటసాటో షిబసబురో కలిసి ఒక ముఖ్యమైన విషయాన్ని నిరూపించారు. ధనుర్వాతం కలిగించే విషాన్ని స్వల్పమోతాదులలో పొంది తట్టుకొన్న జంతువు రక్తరసిలో ఆ విషానికి విరుగుడు పుడుతుంది. ఆ రక్తరసిని మరొక జంతువుకు ఎక్కిస్తే దానికి కూడా రక్షణ లభిస్తుంది. కంఠసర్పి విషయంలోనూ ఇట్లాగే జరుగుతుందని తేలింది. రక్తరసిలోని ఈ విరుగుడు పదార్థాలే ప్రతిరక్షకాలు. అవి ప్రోటీన్లు. వాటిని పుట్టించే బయటి పదార్థానికి ప్రతిజనకం అని పేరు.

ప్రతిరక్షకం రూపం చాలాకాలం తెలియలేదు. ఇంగ్లండులో రోడ్నీ పోర్టర్, అమెరికాలో జెరాల్డ్ ఎడెల్‌మన్ 1959 నుంచి చేసిన పరిశోధనలు ఈ తెరను తొలగించాయి. ఒక్కొక్క ప్రతిరక్షకంలో నాలుగు గొలుసులు ఉంటాయి. వాటిలో రెండు పొడవైనవి, రెండు పొట్టివి. పొడవైన వాటిని భార గొలుసులని, పొట్టి వాటిని తేలిక గొలుసులని పిలిచారు. తేలిక గొలుసులో సుమారు 215 అమైనో ఆమ్లాలు వరుసగా కూర్చి ఉంటాయి. నాలుగు గొలుసులు కలిసినపుడు పంగలకర్ర వంటి ఆకారం ఏర్పడుతుంది. పంగలోని ఒక్కొక్క కొమ్మలో ఒక తేలిక గొలుసూ, భార గొలుసులోని సగభాగమూ ప్రక్కప్రక్కన ఉంటాయి. ఆ రెండింటి కొసలు కలిసి ఏర్పడే చిన్న లోయలోనే ప్రతిజనకం ఇమిడిపోతుంది. అందువల్ల తేలిక గొలుసు పేరుకు మాత్రమే తేలిక. శత్రువును గుర్తుపట్టే పనిలో అది సగపాలు వహిస్తుంది. ఈ కృషికి పోర్టర్, ఎడెల్‌మన్‌లు 1972లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు.

విజ్ఞానలోకాన్ని వేధించిన చిక్కు

ఒక ప్రతిరక్షకం ఒక ప్రతిజనకానికి మాత్రమే సరిపోతుంది. మశూచికి పుట్టినది ధనుర్వాతానికి పనిచేయదు. లోకంలో ఎన్ని రకాల రోగకారకాలున్నాయో లెక్కలేదు. మరి శరీరం ఎన్ని రకాల ప్రతిరక్షకాలను తయారు చేయవలెను?

ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్ళలో కార్ల్ లాండ్‌స్టైనర్ చేసిన ప్రయోగాలు ఈ చిక్కును మరింత బిగించాయి. ఆయన ప్రయోగశాలలో మనిషి తయారు చేసిన రసాయనాలను ప్రోటీన్లకు తగిలించి జంతువులకు ఎక్కించాడు. ప్రకృతిలో లేని ఆ రసాయనాలను సైతం గుర్తుపట్టే ప్రతిరక్షకాలు పుట్టుకొచ్చాయి. ఏ జీవి పూర్వికులూ ఎన్నడూ ఎదుర్కొనని వస్తువుకు విరుగుడు ఎక్కడినుంచి వచ్చింది?

దీనికి రెండు సమాధానాలు వెలువడ్డాయి. శరీరంలో ముందుగా ఏ రూపమూ లేదని, ప్రతిజనకం తగిలిన తరువాతనే దానిని అచ్చుగా చేసుకొని ప్రతిరక్షకం ముడుచుకొంటుందని లైనస్ పౌలింగ్ 1940లో ప్రతిపాదించాడు. కుమ్మరి సారెమీది మట్టివలె ప్రతిరక్షకం ఏ ఆకారమైనా పొందగలదని దీని సారాంశం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త మాక్‌ఫర్లేన్ బర్నెట్ 1957లో దీనికి విరుద్ధమైన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. శరీరంలో కోటానుకోట్ల కణాలు ముందుగానే వేరువేరు ప్రతిరక్షకాలను ధరించి సిద్ధంగా ఉంటాయి. వచ్చిన శత్రువుకు సరిపడే కణం మాత్రమే మేల్కొని, తనవంటి కణాలను వేలకొలది పుట్టిస్తుంది. శత్రువు ఇక్కడ శిల్పి కాడు, ఉన్నవాటిలోనుంచి ఒకదానిని ఎన్నుకొనేవాడు మాత్రమే. తరువాతి పరిశోధనలన్నీ బర్నెట్ పక్షాన్నే నిలిచాయి.

అయితే దానితో మరొక ప్రశ్న తలెత్తింది. ప్రతి ప్రోటీనుకూ ఒక జన్యువు ఆధారం. శత్రువు రాకముందే కోట్ల రకాల ప్రతిరక్షకాలు ఉండవలెనంటే కోట్ల జన్యువులు ఉండవలెను. మానవకణంలో ప్రోటీన్లకు ఆధారమైన జన్యువులు సుమారు ఇరవై వేలు మాత్రమే. కన్ను, గుండె, మెదడు మొదలైన సమస్త అవయవాల నిర్మాణానికీ అవే చాలవలెను. ఇంత స్వల్పమైన పెట్టుబడితో అంత వ్యాపారం ఎట్లా సాగుతున్నది?

రోగం అందించిన ఆధారం

ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ప్రతిరక్షకంలోని అమైనో ఆమ్లాల వరుసను చదవవలసి వచ్చింది. ఆరోగ్యవంతుని రక్తంలో లక్షల రకాల ప్రతిరక్షకాలు కలగలిసి ఉంటాయి. అనేక గ్రంథాల పుటలను చించి ఒకేచోట కుప్పపోస్తే ఏ గ్రంథాన్నీ చదవలేనట్లే, ఆ మిశ్రమంలో ఏ ఒక్క ప్రతిరక్షకాన్నీ నాటి పద్ధతులతో చదవడం సాధ్యం కాలేదు.

ఇక్కడనే మైలోమా రోగులు విజ్ఞానానికి తోడ్పడ్డారు. ఆ వ్యాధిలో ప్రతిరక్షకాలను తయారుచేసే కణం ఒక్కటి అదుపుతప్పి పెరుగుతుంది. దాని సంతతి అంతా ఒకే రకం ప్రోటీనును కుప్పతెప్పలుగా తయారు చేస్తుంది. భార గొలుసులతో జతకూడక మిగిలిపోయిన తేలిక గొలుసులు పరిమాణంలో చిన్నవి కావడంవల్ల మూత్రపిండాల వడపోతను దాటి మూత్రంలోకి వస్తాయి. బెన్స్ జోన్స్ చూసిన పదార్థం ఇదేనని 1962లో ఎడెల్‌మన్, గాలీ నిరూపించారు. అంతకుముందే, 1956లో, కోర్న్‌గోల్డ్, లిపారీ అనే శాస్త్రజ్ఞులు ఈ పదార్థంలో రెండు జాతులున్నట్లు గుర్తించారు. వారిద్దరి పేర్లలోని తొలి అక్షరాలను బట్టి ఆ జాతులకు కాపా, లామ్డా అనే గ్రీకు అక్షరాల పేర్లు వచ్చాయి.

1965లో హిల్ష్‌మన్, క్రెయిగ్ వేరువేరు రోగుల తేలిక గొలుసులను చదివి పోల్చారు. ఫలితం ఆశ్చర్యం కలిగించింది. గొలుసులో రెండవ సగం అందరిలోనూ దాదాపు ఒకే విధంగా ఉన్నది. మొదటి సగం మాత్రం ఒక్కొక్క గొలుసులో ఒక్కొక్క తీరుగా ఉన్నది. అప్పటినుంచి మొదటి సగానికి చరభాగమని, రెండవ సగానికి స్థిరభాగమని పేర్లు ఏర్పడ్డాయి. చరభాగంలో సైతం మార్పులన్నీ ముఖ్యంగా మూడుచోట్ల పోగుపడి ఉంటాయని 1970లో వూ, కబాట్ లెక్కించి చూపారు. ప్రతిజనకాన్ని తాకే చోట్లు అవే.

ఒకే గొలుసులో సగం మారుతూ, సగం మారకుండా ఎట్లా ఉన్నది? కోట్ల జన్యువులు విడివిడిగా ఉంటే వాటన్నిటిలోనూ రెండవ సగం మాత్రమే చెక్కుచెదరకుండా నిలవడం అసంభవం. డ్రేయర్, బెన్నెట్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1965లోనే ఒక సాహసోపేతమైన ఊహ చేశారు. స్థిరభాగానికి జన్యువు ఒక్కటే ఉంటుంది, చరభాగానికి అనేకం ఉంటాయి, కణం ఎదిగే క్రమంలో ఈ రెండూ ఒకచోటికి వచ్చి అతుక్కొంటాయి అని వారు చెప్పారు. ఒక ప్రోటీనుకు ఒక జన్యువు అనే సూత్రం రాజ్యమేలుతున్న రోజులవి. జీవితకాలమంతా డి.ఎన్.ఏ. మార్పు చెందదని అందరూ నమ్మేవారు. అందువల్ల ఈ ఊహను పలువురు అంగీకరించలేదు.

టొనెగావా ప్రయోగం

జపానులోని నగోయాలో 1939లో జన్మించిన సుసుము టొనెగావా అమెరికాలో అణుజీవశాస్త్రం అభ్యసించి, 1971లో స్విట్జర్లండులోని బాసెల్ నగరంలో ఉన్న రోగనిరోధక విజ్ఞాన సంస్థలో చేరాడు. ఆయన 1976లో నొబుమిచి హొజుమితో కలిసి ప్రకటించిన ప్రయోగం ఈ వివాదానికి తెరదించింది.

వారు చిట్టెలుక పిండంనుంచి డి.ఎన్.ఏ.ను సేకరించారు. ప్రతిరక్షకాలను తయారుచేసే చిట్టెలుక మైలోమా కణాలనుంచి మరికొంత డి.ఎన్.ఏ. తీసుకొన్నారు. రెండింటినీ ఒకే ఎంజైముతో ముక్కలు చేసి, కాపా తేలిక గొలుసు జన్యువు ఏ ముక్కలో ఉన్నదో వెదికారు. పిండం డి.ఎన్.ఏ.లో చరభాగపు జన్యువు ఒక ముక్కలోను, స్థిరభాగపు జన్యువు మరొక ముక్కలోను దొరికాయి. మైలోమా కణంలో ఆ రెండూ ఒకే ముక్కలో కనిపించాయి. పుట్టుకతో దూరంగా ఉన్న రెండు జన్యుఖండాలు ఎదిగే క్రమంలో దగ్గరకు చేరాయన్నమాట. తల్లిదండ్రులనుంచి సంక్రమించిన డి.ఎన్.ఏ.ను శరీరంలోని కణమే కత్తిరించి అతుకుతున్నదని తొలిసారిగా రుజువైంది. 1987లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి టొనెగావా ఒక్కరికే లభించింది.

తరువాతి రెండేళ్ళలో మరొక విశేషం బయటపడింది. చరభాగం కూడా ఒకే ముక్కగా లేదు. దానిలోని సుమారు 95 అమైనో ఆమ్లాలకు ఆధారమైన పెద్ద ఖండం ఒకటి, చివరి పదమూడింటి వరకు ఆధారమైన చిన్న ఖండం మరొకటి. పెద్దదానికి ‘వి’ ఖండమని, కలిపే పని చేసే చిన్నదానికి ‘జె’ ఖండమని, స్థిరభాగానికి ‘సి’ ఖండమని పేర్లు. తేలిక గొలుసు జన్యువు ఈ మూడింటి సమాసం.

మానవుని జన్యుసంపద

మానవకణంలో 23 జతల క్రోమోసోములుంటాయి. కాపా గొలుసు ఖండాలు రెండవ క్రోమోసోము మీద ఉన్నాయి. అక్కడ పనిచేయగల వి ఖండాలు సుమారు 40, జె ఖండాలు 5, సి ఖండం ఒక్కటే. లామ్డా గొలుసు ఖండాలు ఇరవై రెండవ క్రోమోసోము మీద ఉన్నాయి. అక్కడ పనిచేయగల వి ఖండాలు సుమారు 30, జె ఖండాలు నాలుగైదు. కాపాలో వలె కాక, లామ్డాలో ప్రతి జె ఖండానికి వెంట ఒక సి ఖండం ఉంటుంది. ఈ సంఖ్యలు మనిషికీ మనిషికీ కొద్దిగా మారుతుంటాయి. మానవ క్రోమోసోములలో మొట్టమొదట అక్షరక్రమం చదివినది ఈ ఇరవై రెండవ క్రోమోసోమునే. అది 1999లో జరిగింది.

ఎముకల మజ్జలో బి-కణాలనే తెల్లరక్తకణాలు ఎదుగుతాయి. ఒక్కొక్క బి-కణం తన వి ఖండాలలో ఒకదానిని, జె ఖండాలలో ఒకదానిని గ్రహించి జతచేస్తుంది. సాధారణంగా నడుమనున్న డి.ఎన్.ఏ. ఉంగరంవలె చుట్టుకొని తెగిపోతుంది. అది ఆ కణానికి మళ్ళీ దక్కదు. ఈ కత్తిరింపు పనిని రాగ్-1, రాగ్-2 అనే రెండు ప్రోటీన్లు నిర్వహిస్తాయి. వీటిలో మొదటిదానిని 1989లో, రెండవదానిని 1990లో అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ప్రతి ఖండం అంచునా కత్తిరించవలసిన చోటును తెలిపే సంకేతాక్షరాలు ఉంటాయి. ఆ సంకేతాలు రెండు రకాలు. ఒక రకం సంకేతం రెండవ రకంతోనే కలుస్తుంది. కాబట్టి వి ఖండం మరొక వి ఖండంతో అతుక్కొనే పొరపాటుకు తావుండదు.

ఛందస్సు చదివిన విద్యార్థికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు రావలెను. సూర్యగణాలు రెండే, ఇంద్రగణాలు ఆరే. కవి చేతిలో ఉన్నవి మొత్తం ఎనిమిది గణాలు. అయినా ఒక్క పాదానికి 2, 6, 6, 2, 2 సంఖ్యలను హెచ్చించగా 288 నడకలు సిద్ధిస్తాయి. జన్యువుల లెక్క కూడా ఇట్టిదే. కాపాలో 40ని 5తో హెచ్చిస్తే 200. లామ్డాలో 30ని 4తో హెచ్చిస్తే 120. మొత్తం 320 రకాల తేలిక గొలుసులు ఏర్పడతాయి. పధ్నాలుగవ క్రోమోసోము మీది భార గొలుసులో వి, జె ఖండాల నడుమ ‘డి’ అనే మరొక ఖండం కూడా ఉంటుంది. అక్కడ సుమారు 40 వి, 23 డి, 6 జె ఖండాలు కలిసి 5,520 రకాలనిస్తాయి. ఏ భార గొలుసైనా ఏ తేలిక గొలుసుతోనైనా జతకూడగలదనుకొంటే 17 లక్షల 66 వేల పైచిలుకు జతలు ఏర్పడతాయి. ఇందుకు ఉపయోగపడిన ఖండాలు నూటయాభైకి మించవు.

సంధిలో పుట్టే కొత్తదనం

పై లెక్కతో కథ ముగియలేదు. రెండు పదాలు కలిసేటప్పుడు సంధి జరుగుతుంది. ‘వాడు’, ‘ఎక్కడ’ కలిసి ‘వాడెక్కడ’ అయినపుడు ఉకారం లోపిస్తుంది. ‘మా’, ‘అమ్మ’ కలిసి ‘మాయమ్మ’ అయినపుడు రెండు పదాలలోనూ లేని యకారం వచ్చి చేరుతుంది. వి, జె ఖండాలు కలిసేచోట కూడా ఇట్లాంటి లోపాలు, ఆగమాలు జరుగుతాయి. కత్తిరించిన అంచులనుంచి కొన్ని జన్యు అక్షరాలు రాలిపోతాయి, ఒక్కొక్కసారి కొత్తవి చేరుతాయి. ఇట్లా చేరడం భార గొలుసులో అధికం, తేలిక గొలుసులో తక్కువ. ఈ కలయిక జరిగే చోటు ప్రతిజనకాన్ని తాకే మూడవ చరస్థానంలోనే ఉండడం విశేషం. అందువల్ల అవే రెండు ఖండాలు రెండు కణాలలో కలిసినా, రెండు వేరు గొలుసులు పుట్టవచ్చు. దీనితో ప్రతిరక్షకాల రకాలు లక్షలనుంచి కోట్లకు పెరుగుతాయి.

శత్రువు ప్రవేశించి, సరిపడే బి-కణం మేల్కొన్న తరువాత మరొక మెరుగు జరుగుతుంది. ఆ కణం సంతతిలో చరభాగపు జన్యువులు వేగంగా ఉత్పరివర్తనం చెందుతాయి. వాటిలో శత్రువును మరింత గట్టిగా పట్టుకొనగల కణాలే మిగులుతాయి, తక్కినవి నశిస్తాయి. టీకా రెండవ మోతాదు తరువాత ప్రతిరక్షకాల పట్టు బిగియడానికి ఇది ఒక కారణం.

వైఫల్యం – మరొక అవకాశం

సంధిలో వ్యాకరణ నియమం ఉన్నది. జన్యుఖండాల కలయికలో మాత్రం ఎన్ని అక్షరాలు రాలుతాయో, ఎన్ని చేరుతాయో నియమం లేదు. జన్యుభాషను మూడేసి అక్షరాలుగా చదవవలెను. కలయికలో ఒక అక్షరం ఎక్కువైనా, తక్కువైనా ఆ తరువాతి పాఠమంతా అర్థరహితమవుతుంది. మూడు కలయికలలో సుమారు రెండు ఇట్లా వ్యర్థమవుతాయి. మానవ శరీరం ఈ నష్టాన్ని ముందే లెక్కలో వేసుకొన్నది.

బి-కణం మొదట భార గొలుసును కూర్చుకొంటుంది. తరువాత సాధారణంగా కాపా వంతు వస్తుంది. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటిగా రెండవ క్రోమోసోములు రెండుంటాయి కనుక ఒకటి విఫలమైతే రెండవదానిని ప్రయత్నిస్తుంది. అది కూడా విఫలమైతే లామ్డాను ఆశ్రయిస్తుంది. ఎక్కడ విజయం లభిస్తే అక్కడ ఆగిపోతుంది. అందుకే సాధారణంగా ఒక కణం కాపాను గాని లామ్డాను గాని తయారు చేస్తుందే తప్ప రెండింటినీ కాదు. మానవ రక్తంలో కాపా, లామ్డా ప్రతిరక్షకాలు సుమారు రెండింటికి ఒకటి పాళ్ళలో ఉంటాయి. చిట్టెలుకలో నూటికి 95 కాపావే.

తేలిక గొలుసు నిర్వహించే మరొక బాధ్యత ఇంతకంటే ముఖ్యమైనది. గుడ్డిగా జరిగే ఈ కూర్పులో శరీరంలోని సొంత పదార్థాలనే శత్రువులుగా భావించే ప్రతిరక్షకాలు కూడా పుడతాయి. మానవ అస్థిమజ్జ కణాలను పరిశీలించి 2003లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అప్పుడప్పుడే ఏర్పడిన బి-కణాలలో సగానికి పైగా ఇట్టి దోషం కలవి. అవన్నీ బయటికి వస్తే శరీరం తనను తానే నాశనం చేసుకొంటుంది. అందుచేత దోషమున్న కణం మజ్జలోనే నిలిచిపోతుంది. అయితే దానిని వెంటనే తుదముట్టించడం జరగదు. దోషమున్న తేలిక గొలుసును విడిచి, మిగిలి ఉన్న వి, జె ఖండాలతో కొత్తదానిని కూర్చుకొనే అవకాశం దానికి లభిస్తుంది. ఈ సవరణను 1993లో చిట్టెలుకలలో కనుగొన్నారు. తేలిక గొలుసులో డి ఖండం లేకపోవడంవల్లనే ఈ సవరణ సులభమైంది. ముందు వరుసలోని వి ఖండం వెనుకనున్న జె ఖండంతో నేరుగా మళ్ళీ కలవగలదు. భార గొలుసుకు ఈ సౌలభ్యం అంతగా లేదు. సవరణ ఫలించిన కణం బ్రతుకుతుంది, ఫలించనిది మరణిస్తుంది.

కత్తికి రెండంచులు

డి.ఎన్.ఏ.ను కత్తిరించడం నిప్పుతో చెలగాటం వంటిది. రాగ్ ప్రోటీన్లు పూర్తిగా లోపించిన శిశువులకు బి-కణాలూ ఉండవు, వాటివలె ఖండాల కూర్పుతోనే ఎదిగే టి-కణాలూ ఉండవు. ఆ శిశువులకు సామాన్యమైన అంటువ్యాధి సైతం ప్రాణాంతకమవుతుంది. సకాలంలో మజ్జమార్పిడి వంటి చికిత్స అందకపోతే వారు బ్రతకడం కష్టం. కత్తి లేకపోతే వచ్చే ఆపద ఇది.

కత్తి తప్పుచోట పడితే వచ్చే ఆపద మరొకటి. ఆఫ్రికాలోని ఉగాండాలో పనిచేసిన డెనిస్ బర్కిట్ అనే శస్త్రవైద్యుడు చిన్నపిల్లల దవడలలో త్వరగా పెరిగే కణితిని 1958లో వర్ణించాడు. ఎనిమిదవ క్రోమోసోము మీద కణవిభజనను ప్రేరేపించే ‘మిక్’ అనే జన్యువు ఉన్నది. ప్రతిరక్షక జన్యువుల వద్ద డి.ఎన్.ఏ. తెగినపుడు జరిగే పొరపాటువల్ల అది ప్రతిరక్షక జన్యువుల పొరుగున పడుతుంది. ఎక్కువమందిలో అది తన చోటు విడిచి పధ్నాలుగవ క్రోమోసోములోని భార గొలుసు జన్యువు ప్రక్కకు చేరుతుంది; కొందరిలో రెండవ క్రోమోసోములోని కాపా జన్యువు, మరికొందరిలో ఇరవై రెండవ క్రోమోసోములోని లామ్డా జన్యువు దాని ప్రక్కకు వచ్చి చేరుతుంది. బి-కణంలో ప్రతిరక్షక జన్యువులు ఎడతెగక పనిచేస్తుంటాయి. వాటి పొరుగున చేరిన మిక్ జన్యువుకు కూడా విశ్రాంతి ఉండదు. కణం అదుపులేకుండా విభజన చెందుతుంది. వైవిధ్యాన్ని ప్రసాదించిన ప్రక్రియే ఇక్కడ మృత్యువుకు ద్వారం తెరుస్తుంది.

మళ్ళీ రోగి దగ్గరకు

ఈ జ్ఞానం గ్రంథాలకే పరిమితం కాలేదు. ఆరోగ్యవంతునిలో కాపా కణాలూ లామ్డా కణాలూ కలగలిసి ఉంటాయి. ఒక కణితిలోని బి-కణాలన్నీ కాపా మాత్రమే, లేదా లామ్డా మాత్రమే తయారు చేస్తున్నాయంటే అవన్నీ ఒకే కణం సంతతి అని వైద్యుడు అనుమానిస్తాడు. రక్తంలో విడిగా తిరిగే తేలిక గొలుసులను కొలిచి, రెండు జాతుల నిష్పత్తిని చూసే పరీక్ష 2000 తరువాత వాడుకలోకి వచ్చింది. మైలోమాను గుర్తించడానికి, చికిత్స ఫలిస్తున్నదో లేదో తెలుసుకోవడానికి అది తోడ్పడుతున్నది.

చికిత్స విషయంలోనూ ఇదే జ్ఞానం అక్కరకు వచ్చింది. ఒకే రకం ప్రతిరక్షకాన్ని ప్రయోగశాలలో ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనుగొన్నారు. నేడు క్యాన్సర్లకు, కీళ్ళవాతానికి వాడే అనేక ఔషధాలు ప్రతిరక్షకాలే. మైలోమా కణాలను గుర్తించి నాశనం చేసే డారటుముమాబ్ అనే ఔషధానికి 2015లో అమెరికాలో అనుమతి లభించింది. అది కూడా ఒక ప్రతిరక్షకమే. దానిలోని తేలిక గొలుసు కాపా జాతికి చెందినది.

1845లో లండన్ వైద్యులు పరీక్షనాళికలో చూసిన తేలిక గొలుసు వారికి అర్థంకాని రోగలక్షణం. అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియక, దానిని విసర్జిస్తున్న మనిషిని వారు కాపాడలేకపోయారు. నేడు అదే వ్యాధితో బాధపడే రోగి చేతిలోని రక్తనాళంలోకి కాపా తేలిక గొలుసు ఔషధంగా ప్రవేశిస్తున్నది. వ్యాధి సమూలంగా తొలగకపోయినా, ఎందరి ఆయుర్దాయమో పెరుగుతున్నది. ఈ రెండు దృశ్యాల నడుమ నూట డెబ్బై ఏళ్ళ కృషి ఉన్నది. దానికి తొలి ఆధారాన్ని అందించినవారు తమ మూత్రాన్నీ రక్తాన్నీ పరీక్షకు ఇచ్చిన రోగులు. వారిలో చాలామందికి ఆ పరిశోధన ఫలం అందలేదు. వారి తరువాతి వారికి అందుతున్నది.